నోరీన్ అతికించిన బోర్డు

ఆ పొద్దున ఆకాశం పాలు విరిగినట్టుంది. తూర్పు కొండ మీద తెల్లటి మబ్బు ముద్దలు ముద్దలుగా తేలుతోంది. మధ్యమధ్య నీళ్ళలాంటి పలచటి వెలుతురు. అక్టోబరులో పడిన మొదటి మంచు ఇంకా గడ్డి మీద నుంచి లేవలేదు. నేను దాణా బస్తాలు లోపలికి చేరవేస్తున్నాను. నా భార్య నోరీన్ ఒక చెక్కపెట్టె మీద ఎక్కి కొట్టు తలుపు అద్దానికి బోర్డు అతికిస్తోంది. ఎర్రటి సున్నా, అందులో నల్లటి పిస్తోలు, దాని మీద అడ్డంగా గీత. కింద పెద్ద అక్షరాలతో: ఈ కొట్టులోకి తుపాకులు తేవద్దు.

"వంకరగా ఉందా?" అంది వెనక్కి తిరక్కుండా.

"కుడి పక్క కాస్త దిగింది."

"దిగితే దిగనీ. చదవడానికి వస్తుందిగా."

ముందురోజే డారాను పూడ్చి వచ్చాం. ఎనిమిదేళ్ళ క్రితం మా కొట్లోనే గల్లా పని నేర్చుకున్న పిల్ల. నోరీనే నేర్పింది. తర్వాత పెళ్ళై, రెండు కౌంటీల అవతల ఒక కిరాణా కొట్లో చేరింది. అక్కడ వరసలో ఎవరు ముందు అని ఇద్దరు కొనుగోలుదార్లు మాట మాట అనుకున్నారు. ఇద్దరి దగ్గరా పిస్తోళ్ళు ఉన్నాయి. ఆ ఇద్దరికీ ఏమీ కాలేదు. రొట్టెలు సంచిలో సర్దుతున్న డారాకు తగిలింది.

బోర్డు అతికించడం అయ్యాక నోరీన్ చేతులు తుడుచుకుని నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఎల్డన్, నేను ఆ గల్లా వెనక నిలబడాలంటే ఒక్కటే షరతు. ఈ నాలుగు గోడల మధ్య తుపాకీ ఉండకూడదు. మొదట నీది."

నాది చిన్న పిస్తోలు. భుజాల మీదుగా పట్టీలుండే పనిబట్టల్లో, ఎడమ రొమ్ము జేబులో ముప్పై ఏళ్ళుగా ఉంటోంది. గడ్డివాములో పాములకని, కోళ్ళ దగ్గరికొచ్చే నక్కలకని పెట్టుకున్నాను. అది ఉన్న సంగతి నాకే గుర్తుండదు.

"కొట్లోకి పామొస్తే?" అన్నాను.

"చీపురుంది."

"సరే. పెట్టుకోను."

"మాటేనా?"

"మాటే."

నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. అందుకే నా మాటకు ఊళ్ళో కొంచెం విలువుండేది. పిస్తోలు తీసుకెళ్ళి కొట్టు వెనకాలే ఉన్న మా ఇంట్లో, మేజోళ్ళ సొరుగులో అడుగున పెట్టాను.

మా కొట్టు నోరీన్ వాళ్ళ నాన్న పెట్టింది. పశువుల దాణా, కిరాణా, చేపల ఎరలు, మేకులు, పాలు. ఈ ఓజార్క్ కొండల్లో పన్నెండు మైళ్ళ దాకా ఇంకో కొట్టు లేదు. బోర్డు సంగతి మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. మొదట నోరీన్ తమ్ముడు రాండల్ వచ్చాడు. ఒక చెయ్యి నడుం మీది పిస్తోలు మీద, రెండో చెయ్యి గుండె మీద పెట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటక్కా, నన్ను కూడా దొంగల్లో కలిపేశావా?"

"నువ్వు దొంగవి కాదురా. చెయ్యి నిలకడ లేనివాడివి. తొమ్మిదేళ్ళప్పుడు నాన్న టోపీకి చిల్లు పెట్టినవాడివి."

"ఎలకనుకున్నా."

"నాన్న నెత్తి మీద ఎలకా?"

"టోపీ మేకుకే ఉందక్కా, నాన్న నెత్తి మీద లేదు. ఊళ్ళో ఆ ముక్క ఎప్పుడూ వదిలేసి చెబుతావు నువ్వు." నా వైపు తిరిగాడు. "బావా, నువ్వైనా చెప్పు."

నేను బస్తా మూతి కుట్టుకుంటున్నాను. రాండల్ గొణుక్కుంటూ వెళ్ళి పిస్తోలు తన ట్రక్కులో పెట్టి వచ్చాడు. ఆ తర్వాత చాలామంది అలాగే చేశారు. ముగ్గురు నలుగురు రావడమే మానేశారు. కొంతమంది నోరీన్‌కు వినపడేలా, "ఇక జింకలే మనల్ని వేటాడతాయి," అని నవ్వుకున్నారు. ఆమె పట్టించుకోలేదు. నెల మధ్యకు వచ్చేసరికి కొంచెం తేలిగ్గా ఊపిరి తీసుకుంటోంది అనుకున్నాను.

అప్పుడొచ్చాడు మంగళవారం మనిషి.

పది దాటి పది నిమిషాలైంది. తలుపు గంట మోగింది. ముదురు గోధుమరంగు కోటు, శుభ్రంగా గీసిన గడ్డం, నలభై ఏళ్ళుంటాయి. ఈ చుట్టుపక్కల వాడు కాదు. కోటు అంచు వెనక్కి దోపుకున్నాడు, నడుం మీది పిస్తోలు కనబడాలని. చల్లపెట్టె దగ్గరికెళ్ళి పాల డబ్బా తీసుకుని గల్లా దగ్గరికి వచ్చాడు. ఎడం చేతిలో ఫోను రొమ్ముకు ఆనించి పట్టుకున్నాడు, దాని కెమెరా కన్ను నోరీన్ వైపు తిప్పి.

"అయ్యా, తలుపు మీద బోర్డుంది," అంది నోరీన్.

"చూశానమ్మా."

"మరి?"

"బోర్డు చట్టం కాదు. వెళ్ళమని మీ నోటితో మీరనాలి. అంటే వెళ్తాను."

"అయితే వెళ్ళండి."

"మర్యాదగా అడిగారు. సంతోషం."

పాల డబ్బా గల్లా మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. తలుపు కూడా మెల్లగా వేశాడు. డబ్బా చుట్టూ చెమ్మ కారి బల్ల మీద గుండ్రటి మరక పడేదాకా నోరీన్ దాన్ని ముట్టుకోలేదు.

మరుసటి మంగళవారం అదే వేళకు వచ్చాడు. అదే పాల డబ్బా, అవే మాటలు. గొంతు పెంచడు. పిస్తోలు మీద చెయ్యి వెయ్యడు. వేసినా బాగుండేది, షెరీఫ్ ఆఫీసుకు ఫోను చెయ్యడానికి ఒక కారణం దొరికేది. అయినా చేశాం. డెప్యూటీ వచ్చాడు. నోరీన్ చేతి మిఠాయిలు తిని పెరిగిన కుర్రాడే.

"వెళ్ళమంటే వెళ్తున్నాడా అక్కా?"

"వెళ్తున్నాడు."

"అయితే తప్పు లేదు. వెళ్ళనన్న రోజు ఫోన్ చెయ్యి. నిమిషాల మీద వచ్చేస్తా."

"ఆ రోజు ఫోన్ చెయ్యడానికి నేనుంటానా?"

వాడు టోపీ చేతుల్లో రెండుసార్లు తిప్పి నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

ఆ తర్వాత మా ఇంట్లో వారానికి ఒకే రోజు అన్నట్టయింది. ఆదివారం మధ్యాహ్నం నుంచే నోరీన్‌కు మెతుకు దిగేది కాదు. తలుపు గంట మోగితే ఎవరని చూడకముందే ఆమె చూపు వాళ్ళ నడుం మీదికి పోయేది. ఒక సోమవారం నేను వెనక నుంచి వచ్చేసరికి గల్లా దగ్గర ఎవరూ లేరు. వంగి చూస్తే ఆమె బల్ల వెనక నేల మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది.

"ఏమైందే?"

"ఏం కాలేదు. పడితే తల ఎక్కడికొస్తుందో చూస్తున్నా." లేచి గౌను దులుపుకుంది. "ఇక్కడ బల్ల చెక్క పలచగా ఉంది, ఎల్డన్."

పశువులు నాకే ఉప్పు దిమ్మలు మా దగ్గర అమ్ముతాం. ఒక్కోటీ యాభై పౌండ్లు, రాయిలా ఉంటుంది. ఆ సాయంత్రం ఇరవై నాలుగు దిమ్మలు మోసి బల్ల వెనక గోడలా పేర్చాను. ఆమె వాటి మీద చెయ్యి వేసి నొక్కి చూసింది. "ఇవి ఆపుతాయా?" అని అడిగింది. ఆపుతాయన్నాను. నాకు తెలియదు.

మూడో మంగళవారం ఆ మనిషి వెళ్ళబోతూ నా దగ్గర ఆగాడు. నేను గుమ్మం పక్కన పార పట్టుకుని నిలబడి ఉన్నాను.

"మీ ఆయన అసలు మాట్లాడరా?" అన్నాడు నోరీన్‌తో, నా మొహం చూస్తూ.

మరుసటి రోజు పొద్దున బట్టలు వేసుకుంటూ మేజోళ్ళ సొరుగు తెరిచాను. పిస్తోలు ఒక్కసారి చేతిలో తూచి రొమ్ము జేబులో పడేశాను. ముప్పై ఏళ్ళు బరువు తెలియని వస్తువు ఆ రోజు రాయిలా వేలాడింది.

అప్పట్నుంచి నోరీన్‌కు ఎదురుగా నిలబడడం మానేశాను. ఆమె దగ్గరికి వస్తుంటే భుజం తిప్పేవాణ్ణి. ఒక సాయంత్రం కొట్టు మూస్తుండగా వచ్చి నా కుడి భుజం మీద తల ఆనించింది. ఎడమ పక్కకు రానివ్వలేదు.

"ఊళ్ళో ఎవరి జేబులో ఏముందో నాకు తెలీదు," అంది. "నీ జేబులో ఏం లేదని తెలుసు. ఆ ఒక్కటీ చాలు నాకు, నిలబడ్డానికి."

నేను దీపం తీశాను.

నవంబరు రెండో శనివారం జింకల వేట మొదలైంది. పదకొండు రోజుల వేట. తెల్లారకముందే నారింజరంగు కోట్లు కొట్టు నిండా. కాఫీ, గోధుమ బన్నులు, వాటి మీద వేడి వేడి మాంసపు గుజ్జు. వేటగాళ్ళు మంచి రైఫిళ్ళు ట్రక్కుల్లో వదిలి రారు, దొంగల భయం. అందుకని నోరీన్ ఒక పద్ధతి పెట్టింది. గుమ్మంలోనే రైఫిలు బోల్టు, అంటే తూటాను లోపలికి తోసి పేల్చే ఇనప కడ్డీ, ఊడలాగి ఆమెకివ్వాలి. బోల్టు లేని రైఫిలు ఉత్త ఊదుగొట్టం. గల్లా మీద ముప్పై గుంటల గుడ్ల అట్ట పెట్టి, ఒక్కో గుంటలో ఒక్కో బోల్టు పెట్టి, పక్కన పెన్సిలుతో పేరు రాసేది.

"గుడ్డు పెట్టి వెళ్తున్నా, నోరీన్. పొదిగిపెట్టు."

"నీ గుడ్డు మురిగిపోయినట్టుంది. కాస్త నూనె రాయి."

మొదట మూతి ముడుచుకున్నవాళ్ళే తర్వాత సరదా పడ్డారు. ఆ అట్ట నిండుతుంటే ఆమె మొహంలో కొంచెం రంగు వచ్చింది. కళ్ళకు కనబడేవన్నీ ఆమె చేతికి వస్తున్నాయి. కనబడనివాటి గురించి ఆమె అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

వేటకు ఆఖరి రోజు మంగళవారమే పడింది.

పది గంటలకు కొట్లో ఎనిమిది తొమ్మిది మంది ఉన్నారు. ఊలు ఉండలు ఏరుకుంటూ ఓపల్ టీచరమ్మ. నాకూ రాండల్‌కూ, ఊళ్ళో సగం మందికి లెక్కలు చెప్పినావిడ. ఎనభై దాటాయి. మేకుల పెట్టెల దగ్గర చర్చి పాస్టరు హాలిస్. కోళ్ళ మేతకొచ్చిన ఒకావిడ. కాఫీ దగ్గర వేటగాళ్ళు. బయట రాండల్ తన ట్రాలీ చక్రానికి గాలి కొట్టుకుంటున్నాడు.

పదీ పదికి గంట మోగింది. ఆ మనిషి నేరుగా చల్లపెట్టె దగ్గరికి నడిచాడు. మాటలు ఆగిపోయాయి. నోరీన్ గల్లా వెనక లేదు. దారికి అడ్డంగా ఉండే బల్ల పలక పైకెత్తి, ఉప్పు దిమ్మల గోడ దాటి, నీలం గళ్ళ ఆప్రాన్‌తో అతని వైపు నడుస్తోంది. ఈసారి అతను తన దగ్గరికి వచ్చేదాకా ఆగదలచుకోలేదు. నాతో ముందు చెప్పలేదు.

"అయ్యా," అంది. ఇంకా పూర్తి కాలేదు.

ఢామ్మని పేలింది.

ఆ తర్వాతది రెప్పపాటులో అయిపోయింది. చెప్పడానికే సేపు పడుతుంది. అద్దాలు అదిరాయి. ఓపల్ టీచరమ్మ ఊలు సంచిలోంచి పిస్తోలు తీసింది. పాస్టరు మోకాలి మీద కూలబడి మేజోడులోంచి తీశాడు. బోల్టులు గుడ్ల అట్టలో అప్పగించిన వేటగాళ్ళలో ఇద్దరు కోట్ల లోపలి నుంచి తీశారు. కోళ్ళ మేత ఆవిడ చేతిసంచిలోంచి తీసింది. ఒకటి తలుపు వైపు, ఒకటి కాఫీ వైపు, రెండు ఒకదానికొకటి ఎదురుగా. ఎవరికీ ఎవరిని కాల్చాలో తెలియదు. ఒకరి పెళ్ళిలో ఒకరు భోంచేసినవాళ్ళు ఒకరి మొహం ఒకరు గుర్తుపట్టని చూపు చూస్తున్నారు.

ఆ మనిషి తుపాకీ తియ్యలేదు. పాల డబ్బా వదిలేసి, తల మీద చేతులు కప్పుకుని నేల మీద బోర్లా పడి ఉన్నాడు. పాలు అతని చుట్టూ పారుతున్నాయి.

ఆరో తుపాకీ నాది. అది ఎప్పుడు తీశానో ఇప్పటికీ గుర్తు లేదు. అతని మీదికే గురిపెట్టానని అనుకున్నాను. కానీ అతను కింద పడిపోయాడు. గొట్టం చివర నాకు కనిపించింది నీలం గళ్ళు.

నోరీన్ అరవలేదు. ఆమె తుపాకీ వైపు చూడడం లేదు. నా మొహం చూస్తోంది.

తలుపు తోసుకుని రాండల్ లోపలికి వచ్చాడు. "టైరు పేలింది బావా! చెవులు గింగురు..." నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. చేతులు మెల్లగా పైకి లేచాయి. టీచరమ్మ పిస్తోలు అతని పొట్ట మీదికి ఉంది.

"టీచరమ్మా," అన్నాడు. "నేను. రాండల్ని. లెక్కలు తప్పినోణ్ణి."

"తెలుసురా," అంది ఆవిడ. "వేలు ముడుచుకుపోయింది. కీళ్ళ నొప్పులు. రావట్లేదు. నోరీన్, నా వేలు రావట్లేదే."

ఎవరూ కదల్లేదు. కదిలితే ఆవిడ ఉలిక్కిపడుతుందని భయం. నోరీన్ కదిలింది. పాల మీద అడుగులేస్తూ టీచరమ్మ పక్కకు వెళ్ళింది. ఆవిడ మణికట్టు కింద తన అరచెయ్యి పెట్టి, గొట్టాన్ని అంగుళం అంగుళం నేల వైపు దించింది.

"ఊపిరి పీల్చండి, టీచరమ్మా. నన్ను చూడండి. నిదానంగా."

కొయ్యబారిన ఆ వేలిని, ముల్లు తీసినట్టు, ట్రిగ్గర్ కొక్కెంలోంచి వెనక్కి తీసింది. పిస్తోలు తన చేతికి వచ్చాక ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తర్వాత దాన్ని గల్లా మీద పెట్టింది. ఆ కొట్లో తుపాకులంటే అందరికంటే భయపడే మనిషి ఆమే.

ఎవరిది వాళ్ళు దాచుకున్నారు, ప్రార్థన అయ్యాక పాటల పుస్తకాలు మూసినట్టు, చప్పుడు చెయ్యకుండా. వేటగాళ్ళు గుడ్ల అట్టలోంచి తమ బోల్టులు ఏరుకుని, కళ్ళెత్తకుండా వెళ్ళిపోయారు. ఆ మనిషి లేచాడు. కోటంతా పాలు. వెళ్ళమని ఎవరూ అనలేదు, అయినా వెళ్ళాడు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఎందుకొచ్చేవాడో నాకు నేటికీ తెలియదు.

నేల తుడిచాక నోరీన్ రంగు గీకే కత్తి లాంటి పలచటి రేకు తీసుకుని తలుపు అద్దం మీది బోర్డు గీకడం మొదలుపెట్టింది.

"ఎందుకది?" అన్నాను.

"అబద్ధం అతికించుకుని కూచోలేను." కాసేపు గీకింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు వారాలు."

చెయ్యి ఆపింది. వెనక్కి లెక్కపెట్టుకుంటోందని తెలుస్తూనే ఉంది.

"ఆ సాయంత్రం నీ భుజం మీద తల పెట్టినప్పుడు?"

"ఉంది."

తలూపింది. మిగిలిన బోర్డు కూడా గీకేసింది. "రేపట్నుంచి గల్లా నువ్వు చూసుకో," అంది.

గురువారం కృతజ్ఞతల పండగ. కొట్టు మూశాం. రాండల్ ఒంటరివాడు, ఏటా మాతోనే తింటాడు. బల్ల మీద కాల్చిన టర్కీ కోడి, చిలగడదుంపలు, గుమ్మడికాయ తీపిరొట్టె. నోరీన్ వంటింట్లోంచి మొక్కజొన్న రొట్టె పొడి నింపిన వేడి పళ్ళెం రెండు చేతులా పట్టుకుని వచ్చి, గడప మీద ఆగింది.

"ఎల్డన్," అంది. "ఇప్పుడు నీ దగ్గరుందా?"

"లేదు."

నిజంగానే లేదు. ఆమె కదల్లేదు. పళ్ళెం మీంచి ఆవిరి ఆమె మొహం మీదికి పోతోంది. నేను అబద్ధమాడుతున్నానని ఆమె అనుకోవడం లేదు. నమ్మాలనే ఉంది. ఎలా నమ్మాలో తెలియడం లేదు. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆ చూపు నేనెప్పుడూ చూడలేదు.

లేచి నిలబడ్డాను. భుజాల మీది పట్టీలు రెండూ విప్పాను. పనిబట్టలు కాళ్ళ కిందికి దించి, ఒక్కో కాలూ బయటికి తీసి, మడత పెట్టి, గడప దగ్గర ఆమె పాదాల ముందు పెట్టాను. చలికాలం లోపల తొడుక్కునే తెల్లటి పొడుగు నూలుబట్టల్లో, మోకాళ్ళ దగ్గర మాసికలతో, వచ్చి నా కుర్చీలో కూచున్నాను.

రాండల్ నోరు తెరిచాడు. జీవితంలో ఒక్క సందు దొరికినా వదలనివాడు. మూసేశాడు. కుర్చీ వెనక్కి జరిపి బయటికి వెళ్ళాడు. ట్రక్కు తలుపు తెరిచిన చప్పుడు, వేసిన చప్పుడు. తిరిగొచ్చి కోటు విప్పి, చొక్కా అంచు పైకెత్తి అక్కకు నడుం చూపించి, కూచున్నాడు.

నోరీన్ పళ్ళెం దించింది. నాకు, తమ్ముడికి, తర్వాత తనకు వడ్డించుకుంది. ప్రార్థన చెప్పడం ఏటా నా వంతు. ఈ ఏడు చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

తినడం మొదలుపెట్టాం. కిటికీ సందులోంచి గాలి కొడుతోంది, నా మోచేతులు వణుకుతున్నాయి. నోరీన్ చెంచా పక్కన పెట్టి లేచి, పొయ్యిలో ఇంకో కట్టె వేసి, వచ్చి కూచుంది. మళ్ళీ చెంచా తీసుకుంది. ముగ్గురం పళ్ళేలు ఖాళీ అయ్యేదాకా తిన్నాం.